గ్రామర్ కరెక్టే, గొంతే తప్పంటాండారు. ఇంగ్లీషు మాటకు రాగం ఎట్ల పట్టాల?

పెన్నేటి పిల్ల (కడప)

అందరికీ నమస్తే. శానా రోజులుగా ఇక్కడ చదువుతాండా గానీ రాయడం ఇదే మొదలు. మాది కడప. ఇంటి దగ్గర్నుంచే ఒక కంపెనీకి పని చేస్తాండా. ఫోన్లో ఎక్కువగా ఇంగ్లండు వాళ్ళతో మాట్లాడాల. పదో తరగతి వరకు తెలుగు మీడియమే. అయినా గ్రామర్ అంటే నాకు ఇష్టం. టెన్సులు, ప్రిపోజిషన్లు, వాయిస్ మార్చడం, ఏది అడిగినా చెప్తా.

పోయిన వారం మా టీమ్ లీడర్ నా కాల్ రికార్డింగ్ నాకే వినిపించినాడు. అందులో నేను ‘కుడ్ యు సెండ్ ద బిల్ బై ఫ్రైడే’ అన్నా. ‘కుడ్’ పెట్టి మర్యాదగానే అడిగినా. అవతలామె కొంచేపు గమ్మునుండి, అంత దురుసుగా మాట్లాడాల్సిన పనిలేదు అనింది. ఆ పొద్దు అన్నం కూడా తినబుద్ధి కాలేదు. నేను ఒక్క చెడ్డ మాట కూడా అనలేదు కదా. టీమ్ లీడర్‌ని అడిగితే ‘మాటలు కరెక్టే, టోన్ బాగాలేదు’ అన్నాడు. టోన్ అంటే ఏందో మాత్రం చెప్పలేకపోయినాడు.

నా ప్రశ్న ఒకటే. గ్రామర్‌కు ఉన్నట్టు టోన్‌కు కూడా సూత్రాలు ఉంటాయా, లేక అది పుట్టుకతో రావాల్సిందేనా?

ఏడురోడ్లు (కడప)

చెల్లీ, నేను ఏడు రోడ్ల దగ్గర స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తాంటా. ఇది పెద్ద విషయం కాదు. ప్రశ్న అయితే చివర గొంతు పైకి పోవాల, మామూలు వాక్యమైతే కిందికి రావాల. నీ వాక్యం ప్రశ్న. దాన్ని కిందికి దించి ఉంటావు, ఆమెకు ఆర్డర్ వేసినట్టు వినపడింటాది. వారం రోజులు అద్దం ముందు ప్రాక్టీస్ చెయ్, వచ్చేస్తాది.

గడియారస్తంభం (అనంతపురం)

అన్నా, అట్లయితే ‘వాట్ ఈజ్ యువర్ నేమ్’ కూడా పైకే పోవాల కదా? ఇంగ్లీషు వార్తల్లో ఇంటర్వ్యూ చేసేవాళ్ళు వై, వాట్, హౌ అని అడిగినప్పుడు గొంతు కిందికే దించుతాండారు. నేను బీటెక్ మూడో సంవత్సరం. ప్లేస్‌మెంట్ల కోసం ఇవే వింటాంటా రోజూ.

బురుజు నీడ (కర్నూలు)

అమ్మా పెన్నేటి పిల్లా, ముందు ఒక మాట. నువ్వు దురుసుగా మాట్లాడలేదు. నీకు ఎవరూ నేర్పని వ్యాకరణం ఒకటుంది, అక్కడ తడబడ్డావు. నేను ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. అన్నేళ్ళలో ఈ పాఠాన్ని నేను కూడా పిల్లలకు సరిగా చెప్పలేదు. సిలబస్‌లో రెండు పేజీలు ఉండేది, పరీక్షలో రాదని దాటేసేవాళ్ళం. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

గడియారస్తంభం అడిగింది సరైన ప్రశ్న. ‘ప్రశ్నయితే పైకి’ అన్నది సగమే నిజం. అవునా కాదా అని అడిగే ప్రశ్న మామూలుగా పైకి లేస్తుంది. ఎవరు, ఏమిటి, ఎందుకు అని అడిగేది మామూలుగా కిందికి దిగుతుంది, ఎందుకంటే ప్రశ్న అని చెప్పే పని ‘వాట్’ అన్న మాటే ముందుగా చేసేసింది. ఆ ప్రశ్ననే పైకి లేపితే అర్థం మారుతుంది. ‘వేర్ ఆర్ యు గోయింగ్ ↘’ అంటే ఎక్కడికి పోతున్నావు అని. ‘^వేర్ ఆర్ యు గోయింగ్ ↗’ అంటే, నువ్వు చెప్పింది సరిగా వినపడలేదు, ఎక్కడికన్నావు అని. చిన్నపిల్లను పేరడిగేటప్పుడు కూడా భయపడకుండా ఉండాలని గొంతు పైకే పెడతారు.

(గొంతు దిగితే ↘, లేస్తే ↗, దిగి మళ్ళీ లేస్తే ↘↗. నొక్కి పలికే మాటకు ముందు ^. విరుపుకు | గీత. ఇక్కడ అందరం ఇవే గుర్తులు వాడుకుంటే సులభం.)

దీన్ని వ్యాకరణంలో భాగంగా పెట్టి చూసినవాళ్ళలో ముఖ్యుడు హాలిడే అనే బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త. 1967లో ఆయన చెప్పింది ఇదీ: ఇంగ్లీషు మాట్లాడే మనిషి ప్రతి మాటకూ మూడు నిర్ణయాలు తీసుకుంటాడు. మాటల వరసను ఎక్కడ విరవాలి, విరిచిన ముక్కలో ఏ మాట మీద బరువు పెట్టాలి, ఆ బరువు దగ్గర గొంతును ఎటు తిప్పాలి. టోనాలిటీ, టోనిసిటీ, టోన్ అని వాటికి పేర్లు పెట్టాడు. ఈ మూడూ అలంకారాలు కావు. కాలం మార్చితే అర్థం మారినట్టే ఇవి మార్చినా అర్థం మారుతుంది. నీ వాక్యంలో విరుపు బాగానే ఉండి ఉంటుంది. బరువు ‘ఫ్రైడే’ మీద పడి, అక్కడ గొంతు బాగా కిందికి దిగి ఉంటుంది. ‘కుడ్ యు సెండ్ ద బిల్ బై ^ఫ్రైడే ↘’. ఇలా అంటే అక్షరాల్లో విన్నపం, వినడానికి గడువు పెట్టినట్టు.

పెన్నేటి పిల్ల (కడప)

సార్, ఇప్పుడే రికార్డింగ్ మళ్ళీ విన్నా. మీరు రాసినట్టే ఉంది. ఫ్రైడే దగ్గర దబీమని దించినా. నాకైతే అది వాక్యం అయిపోయిందని చెప్పడం, అంతే.

గండికోట గాలి (కడప)

నేను హైదరాబాదులో ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) భాషాశాస్త్రం చదివి ఇప్పుడు ఊర్లోనే ఉన్నాను. అక్కా, నీకు జరిగింది ఇంతకుముందు వేరేవాళ్ళకు కూడా జరిగింది, దాని మీద పరిశోధన కూడా ఉంది. ఇంగ్లండులో ఒక పెద్ద విమానాశ్రయం సిబ్బంది క్యాంటీన్లో భారత, పాకిస్తాన్ ఆడవాళ్ళు కొత్తగా పనిలో చేరినారు. వాళ్ళు దురుసు మనుషులని అక్కడివాళ్ళ ఫిర్యాదు. వీళ్ళేమో మమ్మల్ని కావాలనే చిన్నచూపు చూస్తున్నారని బాధ. జాన్ గంపర్జ్ అనే అమెరికా భాషాశాస్త్రవేత్త వాళ్ళ మాటలు రికార్డు చేసి చూసినాడు. గొడవంతా ఒకే మాటలో దొరికింది: ‘గ్రేవీ’.

మాంసం తీసుకున్నవాళ్ళను గ్రేవీ వేయాలా అని అడగాల. ఇంగ్లీషు ఆడవాళ్ళు ‘గ్రేవీ ↗’ అంటారు. మనవాళ్ళు ‘గ్రేవీ ↘’ అనేవాళ్ళు. మనవాళ్ళ మనసులో అది అడగడమే. అవతల చెవికి మాత్రం ‘ఇది గ్రేవీ, కావాలంటే తీసుకో’ అన్నట్టు వినపడింది. ఆ రికార్డు రెండు పక్షాలకూ వినిపించి మాట్లాడించినాక సంగతి బయటపడింది. 1982లో ఆయన దీన్ని ప్రచురించినాడు. ఒక్క మాటకు కర్త లేదు, క్రియ లేదు, టెన్స్ లేదు. ఉన్న వ్యాకరణమంతా గొంతులోనే ఉంది.

చెనిక్కాయ చేను (అనంతపురం)

ఈ గ్రేవీ సంగతి చదివి చాలాసేపు ఆలోచించినాను. నేను మండలం హైస్కూల్లో ఇంగ్లీష్ టీచర్ని. ఉగ్గాని పెట్టేటప్పుడు మనం బజ్జీ కావాలా అని ఎట్ల అడుగుతాం? ‘బజ్జీ?’ అని గొంతు లేపి ఊరుకోం. ‘బజ్జీ వేయాల్నా?’, ‘బజ్జీ వేసేదా?’ అంటాం. ఆ చివరున్న ‘ఆ’ అనే అక్షరమే ప్రశ్న. అది ఉంటే గొంతు ఎటు పోయినా ప్రశ్న ప్రశ్నే. ‘వచ్చినావా’ అన్న మాటను కోపంగా దించి అన్నా, ప్రేమగా లేపి అన్నా ఎవ్వరూ దాన్ని ‘వచ్చినావు’ అనుకోరు.

నాకు అనిపించేది ఇది. తెలుగు మాట చివర తగిలించేదాన్ని ఇంగ్లీషు గొంతులో పెడుతుంది. పెన్నేటి పిల్ల గొంతు దించిందంటే ఆమెకు ప్రశ్న చేసే పని ‘కుడ్ యు’ చేసేసింది కాబట్టే. మన ‘ఆ’ లాగా అదొక్కటే చాలుననుకుంది. అది చాలదు అక్కడ.

‘ఏ’ సంగతి చూడండి. ‘మీ అన్నకు డబ్బులు నేనే ఇచ్చినా’, ‘మీ అన్నకే ఇచ్చినా’, ‘డబ్బులే ఇచ్చినా’. ఏ మాటకు ‘ఏ’ తగిలితే బరువు దానిది. ఇంగ్లీషులో వాక్యం కదలదు, బరువు కదులుతుంది. ‘^ఐ గేవ్ యువర్ బ్రదర్ ద మనీ’ అంటే నేనే ఇచ్చినా, వేరే ఎవరో కాదు. ‘ఐ గేవ్ యువర్ ^బ్రదర్ ద మనీ’ అంటే మీ అన్నకే ఇచ్చినా, మీ నాయనకు కాదు. ‘ఐ ^గేవ్ యువర్ బ్రదర్ ద మనీ’ అంటే ఇచ్చేసినా, ఇయ్యలేదనొద్దు. మా పిల్లలు ఈ మూడింటినీ ఒకే బరువుతో చదువుతారు. తప్పు వాళ్ళది కాదు, పుస్తకంలో మూడూ ఒకే వాక్యంగా అచ్చయి ఉంటాయి.

గడియారస్తంభం (అనంతపురం)

మేడం, ‘ఇంగ్లీష్ టీచర్’ అన్నారు కదా. మా ట్రైనర్ ఒకసారి ఆ మాటను రెండు రకాలుగా పలకాలన్నాడు, ఎందుకో చెప్పలేదు.

చెనిక్కాయ చేను (అనంతపురం)

అవును నాయనా. నేను ‘^ఇంగ్లీష్ టీచర్’ని, అంటే ఇంగ్లీషు చెప్పేదాన్ని. ‘ఇంగ్లీష్ ^టీచర్’ అంటే ఇంగ్లండు దేశపు మనిషి, లెక్కలు చెప్పేదైనా కావచ్చు. మొదటిది మన సమాసం మాదిరి రెండు మాటలు కలిసి ఒక పేరైంది, అందుకని బరువు ముందు మాట మీద. రెండోది విశేషణం, నామవాచకం. ‘^గ్రీన్‌హౌస్’ అంటే మొక్కలు పెంచే అద్దాల గది, ‘గ్రీన్ ^హౌస్’ అంటే పచ్చరంగు ఇల్లు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. ఒక అభ్యంతరం చెప్పాలనుంది. మనం ఎందుకు వాళ్ళ గొంతు ఎత్తుకోవాలి? మన దేశంలో ఇంగ్లీషు మన భాష అయిపోయింది. కర్నూలు మనిషి ఢిల్లీ మనిషితో, చెన్నై మనిషితో ఇంగ్లీషులో మాట్లాడితే ఇద్దరికీ చక్కగా అర్థమవుతుంది. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర మన తెలుగు నేర్చుకుని మాట్లాడినప్పుడు రాగం కుదరలేదని ఎవరైనా ఆయన్ని దురుసు మనిషి అనుకున్నారా? తప్పు ఆ ఫోన్లో ఉన్న ఆమెది అని నా ఉద్దేశం. అర్థం చేసుకునే ఓపిక అవతలివాళ్ళకు కూడా ఉండాలి.

ఏడురోడ్లు (కడప)

అన్నా, మీరు చెప్పేది న్యాయమే. కానీ జీతం ఇచ్చేది ఆ కాల్సే కదా. చెల్లి ఉద్యోగం నిలబడాల.

గండికోట గాలి (కడప)

హంద్రీ ఒడ్డు అన్నతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. ఇంగ్లీషుకు ఒకే రాగం ఉందనుకోవడం కూడా తప్పే. బెల్‌ఫాస్ట్, గ్లాస్గో, న్యూకాసిల్ వైపు మామూలు వాక్యాలను కూడా పైకి లేపి ముగించడం చాలా సహజం. లండన్ మనిషికి అవి ప్రశ్నలుగా వినపడొచ్చు. వాళ్ళను ఎవరూ గ్రామర్ రానివాళ్ళు అనరు. గంపర్జ్ కూడా మనవాళ్ళది తప్పు ఇంగ్లీషు అని తేల్చలేదు. రెండు అలవాట్లు ఎదురుబదురు పడినాయి అన్నాడు. ఆ రికార్డింగుల వల్ల రెండు పక్షాలకూ మేలు జరిగింది.

యాస వేరు, ఈ రాగపు వ్యాకరణం వేరు. ‘ట’ను మన పద్ధతిలో పలికినా ఏ అర్థమూ మారదు. ‘వ’, ‘ఫ’ మన మాదిరి పలికినా సందర్భం చూసి సర్దుకుంటారు. రాగం మారితే మాత్రం వాక్యం అర్థమే తిరగబడుతుంది, అదీ వినేవాడికి తెలియకుండా. ఉచ్చారణ తేడా ఉంటే ఇతను బయటివాడు అనుకుంటారు. రాగం తేడా ఉంటే ఇతను చెడ్డవాడు అనుకుంటారు. అందుకే నా లెక్కలో యాస మార్చుకోనవసరం లేదు, ఇది మాత్రం నేర్చుకోవాలి.

బురుజు నీడ (కర్నూలు)

అర్థం తిరగబడటానికి ఒక ఉదాహరణ రాస్తాను. కాలేజీలో దీన్ని చెప్పినప్పుడే పిల్లలు తలలెత్తేవారు.

‘ఐ డోంట్ లెండ్ మై బైక్ టు ఎనీబడీ ↘’. నా బండి ఎవరికీ ఇవ్వను.

‘ఐ డోంట్ లెండ్ మై బైక్ టు ^ఎనీబడీ ↘↗’. నా బండి ఎవరికి పడితే వాళ్ళకు ఇవ్వను. అంటే కొందరికి ఇస్తాను, నువ్వు ఆ కొందరిలో ఉండొచ్చు.

మొదటిది తలుపు మూయడం, రెండోది సగం తెరిచి ఉంచడం. అక్షరం మారలేదు. చెనిక్కాయ చేను మేడం చెప్పినట్టు తెలుగు ఇక్కడ రెండు వేర్వేరు మాటలు పెట్టుకుంది: ‘ఎవరికీ’, ‘ఎవరికి పడితే వాళ్ళకు’. ‘డోంట్’ లోని వ్యతిరేకార్థం ఎంతవరకు వ్యాపిస్తుందో ఇంగ్లీషులో ఆ దిగి లేచే గొంతు చెబుతుంది.

ఇంకొకటి. ‘ఐ డిడంట్ కమ్ | బికాజ్ ఇట్ వాజ్ రెయినింగ్ ↘’. రాలేదు, కారణం వాన. ‘ఐ డిడంట్ కమ్ బికాజ్ ఇట్ వాజ్ ^రెయినింగ్ ↘↗’, విరుపు లేకుండా. వచ్చాను, కానీ వాన పడుతోందని కాదు, వేరే కారణం ఉంది. వచ్చాడా రాలేదా అన్నంత పెద్ద సంగతి ఒక విరుపు మీద, ఒక మలుపు మీద ఆధారపడి ఉంది.

ఈ దిగి లేచే రాగం మన పిల్లలకు అసలు రాదు, ఎందుకంటే దాన్ని వాళ్ళు వినరు. ‘ఇంకా ఏదో ఉంది, నేను చెప్పలేదు’ అనే రాగం అది. ‘ద ^ఫుడ్ వాజ్ గుడ్ ↘↗’ అంటే భోజనం వరకు బాగుంది, తక్కినది అడగొద్దు. మనం దానికి ‘భోజనమైతే బాగుంది’ అంటాం. ‘అయితే’ చేసే పనిని అక్కడ గొంతు చేస్తోంది.

పెన్నేటి పిల్ల (కడప)

‘అయితే’ దగ్గర నాకు దీపం వెలిగినట్టయింది సార్. ఒక క్లయింటు నాతో ‘వెల్, ద రిపోర్ట్ ఈజ్ ^లాంగ్’ అని ఇట్లే గొంతు తిప్పి అనింది. నేను థాంక్యూ చెప్పినా. ‘పొడుగైతే ఉంది’ అనిందన్నమాట.

చెనిక్కాయ చేను (అనంతపురం)

టీ, కాఫీ సంగతి కూడా చెప్పాల. ‘వుడ్ యు లైక్ టీ ↗ ఆర్ కాఫీ ↘’ అంటే రెండింట్లో ఒకటి ఎంచుకో. దీనికి ‘యెస్’ అని జవాబు చెప్పకూడదు. ‘వుడ్ యు లైక్ టీ ఆర్ కాఫీ ↗’ అని మొత్తం పైకి పోతే, ఏమన్నా తాగుతారా అని. దీనికి ‘యెస్’ సరిపోతుంది. మనం మొదటిదాన్ని ‘టీనా, కాఫీనా?’ అంటాం. రెండోదాన్ని ‘టీయో కాఫీయో ఏమన్నా తాగుతారా?’ అంటాం. ‘ఆ’లు రెండు పెడితే ఎంపిక, ‘ఓ’లు రెండు పెడితే ఏదైనా సరే. ఇంత చక్కటి ఏర్పాటు మన నోట్లో పెట్టుకుని, పిల్లలకు ఇంగ్లీషు రాగం చెప్పేటప్పుడు దీన్ని ఎవరూ వాడుకోరు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడుల్లో, ఇంగ్లీషుకు దారి తెలుగులోనే ఉందని ఎవరు చెప్తారు?

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

మేడం, ఈ మాటతో నేను పూర్తిగా మీ వైపు వచ్చేశాను. కానీ ఒకటి. తెలుగులో గొంతుకు పని లేదన్నట్టు రాస్తున్నారు. మా అవ్వ ‘ఆఁ’ అనే ఒక్క అక్షరంతో ఒప్పుకునేది, వెటకరించేది, బెదిరించేది, విన్నానని చెప్పేది. ‘కదా’ను కూడా రెండు రకాలుగా అంటాం.

బురుజు నీడ (కర్నూలు)

నిజం. మన పూర్వులకు ఇది తెలుసు. అలంకారశాస్త్రంలో గొంతు మార్పును ‘కాకువు’ అన్నారు. రుద్రటుడు అనే సంస్కృత అలంకారికుడు వక్రోక్తిని, అంటే అవతలివాడి మాటకు వేరే అర్థం తీయడాన్ని, రెండు రకాలు చేసి ఒకటి శ్లేష వల్ల, రెండోది కాకువు వల్ల అన్నాడు. ‘ఎంత మంచివాడో!’ అన్న మాటను మెచ్చుకోలుగానూ, తిట్టుగానూ అనొచ్చు కదా. కాబట్టి మేడం మాటను కొంచెం సవరించుకుందాం. తెలుగులోనూ గొంతు పనిచేస్తుంది, ఎక్కువగా మనసులోని భావం వైపు. ప్రశ్న, ఎంపిక, బరువు, వ్యతిరేకార్థం లాంటి పనులు ప్రత్యయాలు మోస్తాయి. ఇంగ్లీషులో ఆ బరువులు చాలావరకు గొంతు మీదే పడ్డాయి.

‘కదా’ ప్రస్తావన వచ్చింది కాబట్టి: ‘యు ఆర్ ఫ్రమ్ కడప, ఆరెంట్ యు ↘’ అంటే నాకు తెలుసు, ఔనను చాలు. ‘ఆరెంట్ యు ↗’ అంటే అనుమానంగా ఉంది, నిజంగానే అడుగుతున్నాను. పరీక్షలో ‘క్వశ్చన్ ట్యాగ్ రాయండి’ అని ఏళ్ళ తరబడి రాయించాం. ట్యాగు సరిగ్గా రాసినవాడికి మార్కు వేశాం. దాన్ని దించాలో లేపాలో ఒక్కరినీ అడగలేదు.

చెనిక్కాయ చేను (అనంతపురం)

సవరణ ఒప్పుకుంటాను సార్.

గడియారస్తంభం (అనంతపురం)

బరువు ఏ మాట మీద పెట్టాలో ముందుగా తెలుసుకునే సూత్రం ఏమన్నా ఉందా? నేను అన్ని మాటలూ గట్టిగా పలుకుతానని మాక్ ఇంటర్వ్యూలో అన్నారు.

గండికోట గాలి (కడప)

తమ్ముడూ, మామూలుగా ముక్కలో చివర వచ్చే అర్థమున్న మాట మీద పెట్టు. నామవాచకం, క్రియ, విశేషణం లాంటివి. హిమ్, ఇట్, టు, ఆఫ్ లాంటి చిన్నమాటల మీద వద్దు. ‘ఐ ^నో హిమ్’. ‘హిమ్’ మీద పెడితే ‘అతన్నయితే తెలుసు, ఇంకొకర్ని తెలియదు’ అని వస్తుంది.

కానీ చివరి మాట ఇంతకుముందే వచ్చి ఉంటే బరువు దాని మీద నుంచి తీసేయాలి. ‘డు యు వాంట్ సమ్ ^రైస్ ↗’ అని అడిగితే ‘నో, ఐ డోంట్ ^లైక్ రైస్’. రెండో ‘రైస్’ను మింగేయాలి. మనం తెలుగులో ఇక్కడ ఏం చేస్తాం? ఆ మాటే తీసేస్తాం. ‘వద్దు, నాకు ఇష్టం ల్యా’. తెలుగు తెలిసిన మాటను వదిలేస్తుంది, ఇంగ్లీషు ఉంచి పలచగా పలుకుతుంది. మన పిల్లలు మాటను ఉంచేస్తారు, గట్టిగానూ పలుకుతారు. అందుకే పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది.

మాటను మింగడం మనకు కష్టం, దానికీ కారణముంది. తెలుగులో హ్రస్వం హ్రస్వంగా, దీర్ఘం దీర్ఘంగా పలకాల్సిందే. ‘కల’ను సాగదీస్తే ‘కాల’ అవుతుంది, ‘పాడు’ను కుదిస్తే ‘పడు’ అవుతుంది. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు అని నేర్చిన నాలుక ఏ అక్షరాన్నీ దొంగిలించదు. అది మన భాష మనకిచ్చిన శిక్షణ. ఇంగ్లీషులో బరువు లేని అక్షరాలు నలిగిపోతాయి, అక్కడ అదే పద్ధతి.

సూత్రం అన్నావు కాబట్టి, దీని మీద పండితుల్లోనే తగువుంది. 1968లో చామ్‌స్కీ, హాలీ అనే అమెరికా భాషాశాస్త్రవేత్తలు బరువు పడే చోటును వాక్యనిర్మాణం నుంచి లెక్కగట్టొచ్చన్నారు. అమెరికాలోనే బోలింజర్ అనే ఆయన దానికి ఒప్పుకోలేదు. మాట్లాడేవాడు దేన్ని ముఖ్యమనుకుంటున్నాడో తెలియకుండా బరువు ఎక్కడ పడుతుందో చెప్పలేమన్నది ఆయన వాదం. నేను బోలింజర్ వైపే. ‘ఐ హావ్ ^ప్లాన్స్ టు లీవ్’ అంటే ఎక్కడో ఇచ్చిపోవాల్సిన ప్లాన్లు నా దగ్గరున్నాయని, ‘ఐ హావ్ ప్లాన్స్ టు ^లీవ్’ అంటే వెళ్ళిపోయే ఆలోచనలో ఉన్నానని.

ఏడురోడ్లు (కడప)

నిజాయితీగా చెప్తాండా. ఇన్నేళ్ళుగా నేను ‘ప్రశ్న పైకి, వాక్యం కిందికి’ అనే చెప్పినా. ఈ చర్చ చదివినాక రాత్రి కూర్చొని నా నోట్సు మొత్తం మార్చుకున్నా. ఒక అభ్యాసం తయారు చేసినా, పనికొస్తే వాడుకోండి. ఒకే జవాబు: ‘మై సిస్టర్ బాట్ ఎ రెడ్ స్కూటర్’. ప్రశ్నలు వేర్వేరు. ‘ఎవరు కొన్నారు?’ ‘నల్లదా?’ ‘కారు కొనిందా?’ ‘బాడుగకు తీసుకునిందా?’ నేను తెలుగులో అడుగుతా, వాళ్ళు అదే ఇంగ్లీషు వాక్యం చెప్పాల, బరువు మాత్రం మార్చాల. ఈ పొద్దు సాయంత్రం బ్యాచ్‌లో చేయించినా. మొదట ఎవరికీ రాలేదు. ముందు తెలుగు జవాబు చెప్పండి అన్నా. ‘మా చెల్లే కొనింది’, ‘ఎర్రదే’ అన్నారు. ‘ఏ’ ఎక్కడ తగిలించినారో ఇంగ్లీషులో ఆడనే బరువు పెట్టండి అన్నా. అర్ధగంటలో పట్టుకున్నారు.

బురుజు నీడ (కర్నూలు)

చాలా సంతోషంగా ఉంది బాబూ. ఇది నాకు ముప్పై ఏళ్ళ కింద తోచాల్సింది.

పెన్నేటి పిల్ల (కడప)

నాలుగు రోజులైంది. ఈ పొద్దు అదే క్లయింటుతో మళ్ళీ కాల్ పడింది. ముందు రాత్రి మాటలు లేకుండా ‘ఊఁ ఊఁ’ అని రాగం మాత్రమే పది సార్లు పలికి, తర్వాత మాటలు కలిపి ఫోన్లో రికార్డు చేసుకొని విన్నా. ‘కుడ్ యు సెండ్ ద బిల్ బై ^ఫ్రైడే ↗’. ఆమె ‘ఆఫ్ కోర్స్’ అనింది, అంతే. పెద్ద విశేషం ఏమీ జరగలేదు. నాకు మాత్రం చేతులు వణుకుతానే ఉన్నాయి కాల్ అయిపోయేదాకా. సార్, మేడం, గండికోట గాలి, అందరికీ నా నమస్కారాలు.

చెనిక్కాయ చేను (అనంతపురం)

సంతోషం తల్లీ. నేను కూడా తొమ్మిదో తరగతిలో బండి వాక్యం చేయించినాను. ఒక పిల్ల లేచి, ‘మేడం, నోటితో అయితే గొంతు తిప్పుతాం. పరీక్షలో పేపర్ మీద ఎట్ల తిప్పాల?’ అని అడిగింది. రేపు చెప్తా కూర్చో అన్నాను. సార్, ఏం చెప్పమంటారు?

బురుజు నీడ (కర్నూలు)

ఆ పిల్లకు నా ఆశీస్సులు చెప్పండి. కాగితానికి గొంతు లేదు కాబట్టి ఇంగ్లీషు రాసేటప్పుడు తెలుగు దారిలోకి వస్తుంది, వాక్యాన్నే మార్చుకుంటుంది. ‘^ఐ గేవ్ ద మనీ’ అని నొక్కే బదులు ‘ఇట్ వాజ్ ఐ హూ గేవ్ ద మనీ’ అని రాస్తారు. ఇది అచ్చంగా మన ‘డబ్బులిచ్చింది నేను’. బండి వాక్యానికైతే ‘ఎనీబడీ’ ముందు ‘జస్ట్’ చేర్చాలి: ‘ఐ డోంట్ లెండ్ మై బైక్ టు జస్ట్ ఎనీబడీ’. అప్పుడు ఎవరు ఎలా చదివినా ‘ఎవరికి పడితే వాళ్ళకు’ అనే వస్తుంది. వాన వాక్యాన్ని రాయాల్సి వస్తే ‘బికాజ్’ ముక్కను ముందుకు తెచ్చి కామా పెట్టాలి. ‘బికాజ్ ఇట్ వాజ్ రెయినింగ్, ఐ డిడంట్ కమ్’. రెండో అర్థానికి తావే ఉండదు. విరుపు ఉన్నచోట కామా, లేనిచోట వద్దు. ‘మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ కర్నూల్, ఈజ్ ఎ డాక్టర్’ అంటే ఉన్నది ఒక్క అన్నే, కర్నూల్లో ఉంటాడు. కామాలు తీసేస్తే ఇంకో అన్న ఇంకో ఊళ్ళో ఉన్నాడు. ఈ నాలుగూ బోర్డు మీద రాసి, ముందు పిల్లలతో గట్టిగా చదివించండి, తర్వాత కామాలు వాళ్ళనే పెట్టమనండి.